ఆక్సిజన్ రెగ్యులేటర్ వాషర్ మాడింది. "టెఫ్లాన్ కాలదు సార్" అంటున్నాడు సప్లయర్, నిజమేనా?

బయోమెడ్_కాకినాడ
మాది ప్రైవేటు ఆసుపత్రి, నేను బయోమెడికల్ చూసుకుంటాను. మొన్న అంబులెన్సులో చిన్న ఆక్సిజన్ సిలిండరు (ఎ-టైపు, పిన్ ఇండెక్స్ వాల్వు, అంటే ఒక్కో గ్యాసుకి పిన్నులు ఒక్కో చోట ఉండే రకం) మారుస్తూ రెగ్యులేటర్ విప్పాను. వాల్వుకీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉండే వాషర్ చూసి చెయ్యి ఆగిపోయింది. తెల్లటి ప్లాస్టిక్ వాషర్. బయటి అంచు తెల్లగానే ఉంది. రంధ్రం చుట్టూ ఉన్న లోపలి అంచు మాత్రం పెనం మీద అట్టు అంచులా గోధుమరంగుకి తిరిగింది. గోరుతో గీస్తే పొడి రాలింది. పైగా దాని మీద నొక్కుకున్న గుర్తులు రెండు, ఒకదాని మీద ఒకటి కాదు, కాస్త పక్కకి. అంటే అదే వాషర్‌ని విప్పి మళ్ళీ మళ్ళీ వాడారు.

డ్రైవర్ని అడిగితే "ఎప్పట్నుంచో అదే సార్, లీకైతే స్పానర్‌తో ఇంకాస్త బిగిస్తాం" అన్నాడు. సప్లయర్‌కి ఫోటో పంపితే "అది టెఫ్లాన్ సార్, టెఫ్లాన్ కాలదు, మురికి పట్టి ఉంటుంది" అన్నాడు.

బండి పక్కన పెట్టించాను. "రూపాయి వాషర్‌కి అంబులెన్సు ఆపుతావా" అని పైనుంచి మొదలైంది. నేను అతి చేస్తున్నానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_మస్తాన్
అతే. ఇరవయ్యారేళ్ళుగా గ్యాస్ వెల్డింగ్ చేస్తున్నా. తోలు వాషర్, ఫైబర్ వాషర్, ఏదీ దొరక్కపోతే ట్యూబు కోసి కూడా వేశాం. ఏం కాలేదు. ఆక్సిజన్ మండదు కదండీ, మండేది ఎసిటిలీను. వాషర్ మార్చి బండి తిప్పండి.

ఊరికేచూస్తున్నా
అట్టు అంచు అన్నారు, ఆకలేసింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మా వార్డులో కూడా తెల్ల వాషర్లే. డ్రాయర్లో డబ్బా నిండా ఉంటాయి, సైజు సరిపోతే పెట్టేస్తారు. ఏది దేనికో ఎవరికీ తెలీదు. ఫాలో అవుతున్నా.

రమణ_కట్టింగ్‌వర్క్స్
మస్తాన్ అన్నా, నీకు ఏం కాలేదు. నాకైంది, విను.

నేను హెల్పర్‌గా ఉన్న రోజులు. ఎండాకాలం మధ్యాహ్నం, షెడ్డు బయట పెద్ద సిలిండరు మార్చాం. రెగ్యులేటర్ మర తిరగడం లేదని మా మేస్త్రి వేలికున్న గ్రీజు కాస్త రాసి బిగించాడు. కీ వేసి వాల్వు ఒక్క తిప్పు తిప్పాను, ఫట్‌మని. శబ్దం టపాకాయంత కూడా లేదు. రెగ్యులేటర్ వెనకనుంచి తెల్లటి వెలుగు, వెల్డింగ్ వెలుగులా, చూడలేం. రెండు సెకన్లు ఉందేమో. నేను వాల్వు పక్కన నిలబడ్డాను కాబట్టి కనుబొమ్మలు, చేతిమీద వెంట్రుకలు పోయాయి. రెగ్యులేటర్ ఎదురుగా నిలబడి ఉంటే ఏం పోయేదో చెప్పలేను.

చల్లారాక చూస్తే గేజీ అద్దం లేదు, లోపల గ్యాసుని ఆపే ప్లాస్టిక్ ముక్క, సీటు అంటాం, అదీ లేదు. ఉన్న చోట నల్లటి గుంత. అక్కడ అగ్గిపుల్ల లేదు, ఎసిటిలీన్ బండి ఇరవై అడుగుల దూరంలో ఉంది. మరి మంట ఎక్కణ్ణించి వచ్చింది?

ఆటోనగర్_మస్తాన్
గ్రీజు రాశారు కదా, దాన్నుంచే. ఆక్సిజన్‌కి నూనె తగలకూడదని మా చిన్నప్పుడే చెప్పారు. ఈ సార్ వాషర్‌కి గ్రీజు ఏం లేదుగా.

పాలిమర్_మాస్టారు
మస్తాన్ గారూ, మీరు డీజిల్ ఇంజన్లు కూడా చూస్తారా?

ఆటోనగర్_మస్తాన్
చూస్తా. ఎందుకు?

పాలిమర్_మాస్టారు
డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఎక్కడుంటుంది?

ఆటోనగర్_మస్తాన్
ఉండదు. ప్రెజర్‌కి గాలి వేడెక్కుతుంది, దానికి డీజిల్ అంటుకుంటుంది. పిల్లాడిని అడిగినట్టు అడుగుతున్నారే.

పాలిమర్_మాస్టారు
రమణ గారి ప్రశ్నకి జవాబు మీరే చెప్పేశారు. డీజిల్ ఇంజనులో గాలి 30, 40 బార్లకి నొక్కుకుంటేనే అంత వేడి. నిండు సిలిండర్లో 150 బార్లు (మీ భాషలో నూట యాభై కిలోలు). వాల్వు తెరవకముందు రెగ్యులేటర్ లోపల మామూలు గాలి, ఒక బారు. కీ గబుక్కున తిప్పితే 150 బార్ల గ్యాసు కన్నుమూసి తెరిచేలోపు లోపలికి దూకుతుంది. ముందున్న ఆ కాస్త గ్యాసుకి పారిపోయే దారి లేదు, మూసి ఉన్న సీటు దగ్గర ఇరుక్కుని నలిగిపోతుంది. వేడి బయటికి పోయే టైము లేదనుకుని లెక్క వేస్తే 20 డిగ్రీల గ్యాసు 950 డిగ్రీల దాకా వెళ్ళాలి. నిజంగా అంత రాదు, ఇత్తడి గోడలు చాలా వేడి లాక్కుంటాయి. సైకిలు పంపు అడుగున చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

చిక్కు ఏమిటంటే, ఇత్తడి వేడిని లాక్కుని లోపలికి పంచేస్తుంది. ప్లాస్టిక్‌కి ఆ గుణం లేదు. వేడంతా పైపొరలోనే నిలిచిపోతుంది. అందుకే అంటుకునేది ముందు ప్లాస్టిక్కే, అంతకంటే ముందు నూనె. గ్రీజు ఉంటే పని సులువవుతుంది, లేకపోయినా ఆగిపోదు.

ఆక్సిజన్ మండదు అన్నది అక్షరాలా నిజం. పక్కనున్నవాటిని మండిస్తుంది. కొన్ని ఇళ్ళలో అలాంటి మనుషులు ఉంటారు.

ఊరికేచూస్తున్నా
మా మేనత్త గుర్తొచ్చింది.

బయోమెడ్_కాకినాడ
మాస్టారూ, మరి టెఫ్లాన్ సంగతి? సప్లయర్ గట్టిగా చెప్తున్నాడు.

పాలిమర్_మాస్టారు
ఆయన మాట గాలిలో నిజం. ఒక ప్లాస్టిక్ మంట నిలబడాలంటే చుట్టూ ఎంత శాతం ఆక్సిజన్ కావాలో కొలుస్తారు, దాన్ని ఆక్సిజన్ ఇండెక్స్ అంటారు. పాలిథిన్‌కి 17, 18 చాలు. గాలిలో 21 ఉంది కాబట్టి కవరు అంటిస్తే కాలుతూ పోతుంది. నైలాన్‌కి సుమారు 24. టెఫ్లాన్‌కి 95. అందుకే వంటింట్లో, కరెంటు పనిలో టెఫ్లాన్‌కి మంట నిలవదు. కానీ మీ సిలిండర్లో ఉన్నది దాదాపు నూరు శాతం, అదీ 150 బార్ల మీద. ఇండెక్స్ కొలిచేది మామూలు వాతావరణ పీడనం దగ్గర. పీడనం పెరిగేకొద్దీ ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోలేం.

ఇంకో కొలత ఉంది, నిప్పు లేకుండా దానంతటదే అంటుకునే వేడి. 100 బార్ల చుట్టుపక్కల ఆక్సిజన్‌లో, పరీక్ష పద్ధతిని బట్టి కాస్త అటూ ఇటూగా, పాలిథిన్ 180 డిగ్రీలు, నైలాన్ 260, వైటాన్ అనే రబ్బరు, పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్ 300 దరిదాపులు, టెఫ్లాన్ 430. అంటే టెఫ్లాన్ అన్నిటికంటే మేలు. కాలదు అనడం మాత్రం తప్పు.

హ్యూస్టన్_అల్లుడు
టెఫ్లాన్ కాలదు అన్నవాళ్ళకి మా ఊళ్ళో ఒక్కటే జవాబు: అపోలో 13.

1970 ఏప్రిల్. చంద్రుడి దారిలో ఉండగా రెండో నంబరు ఆక్సిజన్ ట్యాంకు పేలింది కదా, అందులో మండింది ఏమిటనుకుంటున్నారు? లోపలి ఫ్యాను వైరుకి ఉన్న టెఫ్లాన్ తొడుగు. లాంచికి ముందు నేల మీద పరీక్షలో ట్యాంకులోంచి ఆక్సిజన్ సరిగ్గా ఖాళీ కాకపోతే, హీటర్ వేసి గంటల తరబడి మరిగించి తీశారు. హీటర్‌ని ఆపాల్సిన థర్మోస్టాట్ 28 వోల్టులకి చేసినది, దానికి 65 వోల్టులు ఇచ్చారు. దాని కాంటాక్టులు అతుక్కుపోయాయి, హీటర్ ఆగలేదు. లోపల 500 డిగ్రీలు దాటింది. గేజీ చూద్దామంటే అది ముప్పై డిగ్రీల దాకా కూడా చూపించేది కాదు, ముల్లు చివరికొచ్చి ఆగిపోయింది, అంతా బాగుందనుకున్నారు. వైరు తొడుగు పెళుసెక్కి చిట్లింది. అంతరిక్షంలో ఫ్యాను స్విచ్ వేయగానే స్పార్క్, సుమారు 60 బార్ల ఆక్సిజన్‌లో టెఫ్లాన్ మంట.

ముగ్గురూ తిరిగొచ్చారు కాబట్టి కథలా చెప్పుకుంటున్నాం. 1967 జనవరి 27న అపోలో 1లో ముగ్గురూ పోయారు. అక్కడ పీడనం కూడా ఎక్కువ కాదు, వాతావరణం కంటే కొంచెమే ఎక్కువ. కానీ క్యాబిన్ నిండా శుద్ధమైన ఆక్సిజన్, గోడలనిండా వెల్క్రో, నైలాన్ వలలు.

ఆటోనగర్_మస్తాన్
వాషర్ దగ్గర మొదలై చంద్రుడి మీదకి వెళ్ళాం. సరే, డీజిల్ ముక్క మాత్రం ఒప్పుకుంటా. ఇన్నాళ్ళూ ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. కానీ అంత వేడి వస్తే నా షాపులో రోజూ అంటుకోవాలి కదా? రోజుకి నాలుగు సిలిండర్లు మారుస్తాం.

పాలిమర్_మాస్టారు
మంచి ప్రశ్న. ప్రతి దెబ్బకీ అంటుకోదు. ఎంత గబుక్కున తెరిచారు, లోపల మూల ఎంత ఇరుకు, ప్లాస్టిక్ ముక్క ఎంత పలచన, దాని మీద నూనె గానీ దుమ్ము గానీ ఉందా, ఇవన్నీ ఒక్కసారి కలిసి రావాలి. మీరు పాత చేయి కాబట్టి వాల్వు నెమ్మదిగా తెరుస్తారేమో, అదే మిమ్మల్ని కాపాడి ఉంటుంది. మీ కొత్త కుర్రాడు ఎలా తెరుస్తాడో ఒకసారి చూడండి.

ఆటోనగర్_మస్తాన్
వాడు తలుపు తన్నినట్టు తెరుస్తాడు.

జీడిమెట్ల_ఫిట్టర్
గబుక్కున తెరవడం అంటే నాకు గుర్తొచ్చేది బాల్ వాల్వు. మెడికల్ గ్యాస్ పైప్‌లైన్ పని చేస్తా. 2021లో సెకండ్ వేవ్ టైంల ఎక్కడ జూసినా మ్యానిఫోల్డులు, అంటే చానా సిలిండర్లు ఒకే లైనుకి కలిపే సెట్లు, పెంచుడే. సామాన్లు దొరకలే, దొరికిందే పెట్టిన్రు. ఒక ఆసుపత్రిల సిలిండరు వైపు, హై ప్రెజర్ లైన్ల, క్వార్టర్ టర్న్ బాల్ వాల్వు పెట్టిన్రు. హ్యాండిల్ పావు చుట్టు తిప్పితే మొత్తం తెరుచుకుంటది. సిలిండర్ని లైనుకి కలిపే రాగి గొట్టం (పిగ్‌టెయిల్) బదులు లోపల టెఫ్లాన్, పైన స్టీలు అల్లిక ఉన్న హోసు.

నేను పోయేసరికి హోసు బయటికి బానే ఉంది. విప్పి టార్చి ఏసి జూస్తే సిలిండరు వైపు కొన తెల్లగా, అవతలి కొన, గ్యాసు పోయి గుద్దుకునే దిక్కు, రెండు మూడు అంగుళాల మేర పొగచూరిన పొయ్యి గొట్టం లెక్క నల్లగా. అంటుకుని దానంతటదే ఆరిపోయింది, అదృష్టం. బాల్ వాల్వు పీకేసి నెమ్మదిగా తెరుచుకునే వాల్వు పెట్టిన, రాగి పిగ్‌టెయిల్ మళ్ళ తెచ్చిన. అప్పటిదాక లైను చాలు చెయ్యలే.

పాలిమర్_మాస్టారు
మీరు చెప్పిన "అవతలి కొన" అన్నదే అసలు సంగతి. నలిగిన వేడి గ్యాసు ముద్దలా హోసు చివర పేరుకుంటుంది, అక్కడే టెఫ్లాన్ మాడుతుంది. అందుకే హోసు తప్పనిసరైన చోట చివర్న కొంత ఇత్తడి గొట్టం ముక్క కలుపుతారు, వేడి ముద్ద ప్లాస్టిక్ మీద కాకుండా లోహంలో పడేలా.

రమణ_కట్టింగ్‌వర్క్స్
మా రెగ్యులేటర్ ఇత్తడిది కాబట్టి రెండు సెకన్లలో ఆరిపోయిందా?

పాలిమర్_మాస్టారు
చాలావరకు అదే. ప్లాస్టిక్ సీటు అగ్గిపుల్ల లాంటిది, పక్కనున్నది కట్టెపుల్లా రాయా అన్నది ప్రశ్న. ఇత్తడి, రాగి, మోనెల్ (నికెల్, రాగి కలిపిన లోహం) ఈ పీడనంలో మంట పట్టుకోవు. స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువ పీడనంలో మండగలదు. అల్యూమినియం అయితే చిన్న పీడనంలోనే మండుతుంది, మండితే ఆగదు. అమెరికాలో అంబులెన్సులు, ఫైర్ ఇంజన్లలో బరువు తక్కువని అల్యూమినియం రెగ్యులేటర్లు వాడారు, కొందరు కాలిపోయారు. 1999లో అక్కడి ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలు చూసే సంస్థ), నియోష్ (పనిచేసేవాళ్ళ భద్రత చూసే సంస్థ) కలిసి హెచ్చరిక ఇచ్చాయి, అధిక పీడనం తగిలే చోట ఇత్తడి వాడమని.

కాకినాడ వారి కేసుకి ఇంకా దగ్గరిది 2006లో వచ్చింది. మళ్ళీ అవే రెండు సంస్థలు, ఈసారి పిన్ ఇండెక్స్ వాల్వు మీద పెట్టే నైలాన్ వాషర్ గురించి. అది ఒక్కసారి నలిపి పారేయాల్సినది. జనం మళ్ళీ మళ్ళీ వాడారు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు, లీకవుతుంది. లీకైతే స్పానర్‌తో బిగిస్తారు. ఇంకా నలుగుతుంది, ఇంకా లీకు. ఆ సన్నటి సందులోంచి ప్లాస్టిక్ మీదుగా గ్యాసు దూసుకుపోతూ ఉంటే అది వేడెక్కి అంటుకుంటుంది. మీ డ్రైవర్ చెప్పింది, మీరు చూసిన రెండు గుర్తులు, అక్షరం పొల్లుపోకుండా అదే.

బయోమెడ్_కాకినాడ
ఇది చదివి ఒళ్ళు జలదరించింది. అయితే మాది నైలానా, టెఫ్లానా ఎలా తెలుస్తుంది? రెండూ తెల్లగానే ఉంటాయి.

ఊరికేచూస్తున్నా
అగ్గిపెట్టె తీసి అంటించి చూడండి, అయిపోతుంది.

పాలిమర్_మాస్టారు
వద్దు. నైలాన్ అయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చి ఊరుకుంటుంది. టెఫ్లాన్ అయితే ఆ పొగ పీల్చకూడదు.

వరి విత్తనం ఉప్పునీళ్ళలో వేసి తాలు తీయడం చూశారా? నీళ్ళలో ఉప్పు కలుపుతూ పోతారు, కోడిగుడ్డు పైకి తేలేదాకా. మీరు ఇంకా కలపండి, అడుగున ఉప్పు కరగకుండా మిగిలేదాకా. ఆ నీళ్ళ సాంద్రత 1.2 అవుతుంది. నైలాన్ 1.14, తేలుతుంది. టెఫ్లాన్ 2.2, రాయిలా మునుగుతుంది. వాషర్‌కి గాలి బుడగలు అంటుకోకుండా వేలితో ఒకసారి ముంచి వదలండి. ఒక్క జాగ్రత్త: తేలితే టెఫ్లాన్ కాదని ఖాయం. మునిగితే టెఫ్లానే అని కాదు, పీవీసీ కూడా మునుగుతుంది. పరీక్ష చేసిన వాషర్ చెత్తబుట్టలోకే, మళ్ళీ సిలిండరు దగ్గరికి కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
టెఫ్లాన్ పొగ పీల్చకూడదు అన్నారు. మరి రెగ్యులేటర్లో కాలితే అది మాస్కులోంచి పేషెంటుకే కదా వెళ్ళేది?

పాలిమర్_మాస్టారు
అమ్మా, ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ అడగని మాట అడిగారు. అవును. టెఫ్లాన్ ఆక్సిజన్‌లో కాలితే కార్బొనిల్ ఫ్లోరైడ్ వస్తుంది, అది తడి తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. ఊపిరితిత్తులకి రెండూ చేటే. మంట పైకి కనిపించకపోవచ్చు, ఒక మిల్లీగ్రాము సీటు కాలి ఆరిపోవచ్చు, పోయేది మాత్రం గొట్టంలోకే. కటింగ్ టార్చి వాడే రమణ గారికి, మీకు తేడా ఇదే. అందుకే గాలి పీల్చే పరికరాల్లో ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ ఎంత తక్కువ పెడితే అంత మంచిదని వాదించేవాళ్ళున్నారు. ఎదురు వాదన: అది తీసి నైలాన్ పెడితే ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది, వేడి కూడా ఎక్కువ. గ్రాము టెఫ్లాన్ కాలితే 6, 7 కిలోజౌల్స్, నైలాన్‌కి 32, పాలిథిన్‌కి 46. నేను రెండో పక్షం. ముందు అంటుకోకుండా చూసుకుందాం.

లోతునీళ్ళు
డైవింగ్ వైపునుంచి ఒక మాట. ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గ్యాసు (నైట్రాక్స్) నింపేటప్పుడు, 40 శాతం దాటితే సామాను మొత్తం ఆక్సిజన్‌కి తగ్గట్టు కడుగుతాం, మామూలు ఓరింగులు తీసి వైటాన్ వేస్తాం. కొత్తవాళ్ళు చేసే తప్పు సిలికాన్ గ్రీజు. "ఇది పెట్రోలు గ్రీజు కాదుగా" అంటారు. సిలికాన్ అయినా మండుతుంది. ఫ్లోరిన్ నూనెతో చేసిన గ్రీజు ఒక్కటే, క్రైటాక్స్ లాంటిది, అదీ ఆవగింజంత. నింపడం కూడా అంగుళం అంగుళం నింపుతాం. చెయ్యి పెట్టి సిలిండరు వెచ్చగా అనిపిస్తే స్పీడు ఎక్కువైనట్టే.

ఆటోనగర్_మస్తాన్
ఆ క్రైటాక్స్ ఎంత?

లోతునీళ్ళు
కూర్చుని అడగండి అన్నా.

జీడిమెట్ల_ఫిట్టర్
టేపు సంగతి ఎవరూ ఎత్తలే. నల్లాకి చుట్టే తెల్ల టేపు తెచ్చి సిలిండరు మరకి చుట్టేటోళ్ళని రోజూ జూస్తున్న. అది గూడ టెఫ్లానే గద అంటరు. ప్లంబింగ్ టేపు ఆక్సిజన్ కోసం శుభ్రం చేసింది గాదు. పైగ మర తిప్పినప్పుడు నూలు పోగుల్లెక్క తెగి లోపలికి పోతది. సన్నటి పోగు, చుట్టూ ఆక్సిజన్, గుద్దుకునే చోటు. వత్తి ఏసినట్టే. సిలిండరు వాల్వు సీలు వాషర్ల ఉంటది, మరల కాదు. అక్కడ టేపే అక్కర్లే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మా దగ్గర ఇంకోటి. కోవిడ్ నుంచి శానిటైజర్ చేతులనిండా పోసుకోవడం అలవాటైంది. తడి ఆరకముందే సిలిండరు కీ పట్టుకుంటారు. చలికాలమైతే చేతులకి వ్యాజిలిన్. ఇన్నాళ్ళూ నాకు తప్పనిపించలేదు, రమణ గారి గ్రీజు కథ చదివాక అనిపిస్తోంది.

రమణ_కట్టింగ్‌వర్క్స్
అదే గ్రీజు సిస్టర్, సువాసన ఒక్కటే తేడా.

ఊరికేచూస్తున్నా
సీరియస్‌గానే అడుగుతున్నా. మా నాన్నకి ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ ఉంది. గొట్టమంతా ప్లాస్టిక్కే. ఇది కూడా ప్రమాదమా?

పాలిమర్_మాస్టారు
మనం మాట్లాడుకుంటున్న రకం కాదు. కాన్సన్‌ట్రేటర్లో పీడనం చాలా తక్కువ, గ్యాసు నలిగి వేడెక్కే పరిస్థితి లేదు. దానికి బయటి నిప్పు ప్రమాదం: బీడీ, దీపారాధన, గ్యాసు పొయ్యి. దుప్పట్లో, జుట్టులో ఆక్సిజన్ పేరుకుని ఉంటుంది. నిప్పు తగిలితే మామూలు బట్ట కూడా గుప్పుమంటుంది. పూజ గదికి దూరంగా పెట్టండి.

ఊరికేచూస్తున్నా
ప్రస్తుతం పూజ గది పక్కనే ఉంది. ఇప్పుడే జరుపుతున్నా.

బయోమెడ్_కాకినాడ
రేపు ఉప్పు పరీక్ష చేసి చెప్తా. ఇంతకీ ఆ వాషర్ స్థానంలో ఏం పెట్టాలి? మళ్ళీ కొత్త నైలాన్ పెట్టి ఒక్కసారికే వాడమని చెప్పనా?

జీడిమెట్ల_ఫిట్టర్
చెప్తే వింటరా? పిన్ ఇండెక్స్‌కి బోడాక్ సీలు అడగండి. బయట లోహపు రింగు, లోపల రబ్బరు. చేత్తో బిగిస్తే చాలు, లోహం ఆపుతది కాబట్టి అతిగా నలగదు. చానాసార్లు వాడొచ్చు, చీలికలు కనబడితే మార్చాలె. ఆక్సిజన్‌ది అని రాసున్న ప్యాకెట్‌దే తీసుకోండి. డ్రాయర్ల పారేసినయి ఒద్దు.

పాలిమర్_మాస్టారు
దానికంటే ముందు ఇంకో పని. బయట కనిపించే వాషరే ఇలా ఉంటే, గ్యాసు నిజంగా గుద్దుకునేది లోపలి సీటు దగ్గర. ఆ రెగ్యులేటర్‌ని మీరు విప్పకండి, తయారీదారు సర్వీసుకి పంపి సీటు ఎలా ఉందో రాసి ఇవ్వమనండి. రాలిన ఆ పొడి లోపలికి కూడా వెళ్ళి ఉంటుంది. వేగంగా కొట్టుకొచ్చే రేణువు కూడా మంట పుట్టించగలదు. వాషర్ ఒక్కటి మార్చి బండి తిప్పితే కథ సగంలో వదిలేసినట్టు.

ఆటోనగర్_మస్తాన్
తెరిచేటప్పుడు ఏం చెప్పాలి కుర్రాళ్ళకి? పెద్ద పెద్ద మాటలు వాళ్ళకి ఎక్కవు.

రమణ_కట్టింగ్‌వర్క్స్
నేను మా వాళ్ళకి చెప్పేది: రెగ్యులేటర్ నాబు పూర్తిగా వదులు చేసి ఉందో లేదో చూడు. గేజీ ఎదురుగా నిలబడకు. కీ తిప్పేటప్పుడు ముల్లు చూస్తూ తిప్పు. ముల్లు ముసలాయన మెట్లెక్కినట్టు ఎక్కాలి. ఎగిరిందా, తప్పు చేశావ్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఈ ముసలాయన మాట మా వార్డులో రాసి అంటిస్తా. ఎమర్జెన్సీలో చేతులు వణుకుతుంటాయి, టెన్షన్‌లో గబగబా తిప్పేస్తాం. కానీ నెమ్మదిగా తెరిచినా రెండు మూడు సెకన్లే కదా తేడా.

హ్యూస్టన్_అల్లుడు
అంతే. ఇక్కడ న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ అని నాసా వాళ్ళ పరీక్షా కేంద్రం ఉంది. ప్లాస్టిక్ ముక్కలూ వాల్వులూ ఆక్సిజన్‌లో పెట్టి, గబుక్కున పీడనం కొట్టి, ఏది ఎప్పుడు అంటుకుంటుందో చూడటం అక్కడొక పని. అంత ఖర్చుపెట్టి తేల్చినదీ, రమణ గారు కనుబొమ్మలు పోగొట్టుకుని తేల్చినదీ ఒకటే.

బయోమెడ్_కాకినాడ
అప్‌డేట్.

ఉప్పునీళ్ళలో వేశాను. వేలితో ముంచి వదిలితే తాలుగింజలా పైకొచ్చింది. రెండోసారీ అంతే. డ్రాయర్లో ఉన్న ఇంకో ఏడు తెల్లవి కూడా వేశాను: ఐదు తేలాయి, రెండు మునిగాయి. ఒకే డబ్బా, ఒకే రంగు, ఒకే సైజు. సప్లయర్‌కి వీడియో పంపితే "నైలాన్ కూడా మంచి మెటీరియలే సార్" అన్నాడు. డబ్బా మొత్తం పారేశాను.

రెగ్యులేటర్ సర్వీసు నుంచి ఫోటో వచ్చింది. లోపలి సీటు మీద నువ్వుగింజంత నల్ల గుంత. వాళ్ళే సీటు, ఫిల్టరు మార్చారు. ఆ ఫోటో పైవాళ్ళకి చూపించాక రూపాయి వాషర్ మాట మళ్ళీ రాలేదు. మిగతా నాలుగు బండ్లూ విప్పి చూడమన్నారు. ఒకదాంట్లో అసలు వాషర్ బదులు చెప్పు రబ్బరు కోసి పెట్టి ఉంది.

ఆటోనగర్_మస్తాన్
ఆ చెప్పు నాది కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
😂 స్పానర్ ఏం చేశారు?

బయోమెడ్_కాకినాడ
డ్రైవర్ దగ్గర్నుంచి తీసుకుని స్టోర్లో పెట్టాను. పొద్దున్నే వచ్చి అడిగాడు. "లీకైతే ఏం చేయాలి సార్" అని. "లీకైతే వాల్వు కట్టేసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాను. సాయంత్రానికి రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ లీకు లేదు, సీలు చేత్తో ఎంత బిగించాలో అడగడానికి.

ఆటోనగర్_మస్తాన్
మా కుర్రాడికి ముసలాయన మెట్ల సంగతి చెప్పా. ఇవాళ కీ ఎంత నెమ్మదిగా తిప్పాడంటే నేను టీ తాగి వచ్చేశా. గ్రీజు డబ్బా కూడా ఆక్సిజన్ పెట్టే మూలనుంచి తీసి కంప్రెసర్ పక్కన పెట్టించా. మర బిగుసుకుపోతే ఏం రాయాలి అంటున్నాడు ఇప్పుడు.

జీడిమెట్ల_ఫిట్టర్
ఏం రాయొద్దు. మర పాడైతే సిలిండరు ఎనక్కి పంపాలె.

ఆటోనగర్_మస్తాన్
పంపా. సప్లయర్ "కాస్త గ్రీజు రాయకపోయారా" అన్నాడు.